‘గ్యాస్’ అనుకునే మరో నొప్పి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాల పక్కన బారులుతీరిన మందుల షాపుల్లో కడుపునొప్పికి ఎక్కువగా వినిపించే పేర్లు రెండే. తేన్పు వస్తే తగ్గేది ‘గ్యాస్ నొప్పి’, కుడివైపు పొత్తికడుపులో పొడిచేది ‘24 గంటల నొప్పి’, అంటే అపెండిక్స్ వాపు. ఈ రెండింటినీ పోలి ఉంటూ, రెండింటిలోనూ చేరని మూడో నొప్పి డైవర్టిక్యులైటిస్‌ది. పేరు తెలియకపోవడం వల్లనే ఇది చాలాసార్లు గ్యాస్ ఖాతాలోకి పోతుంది.

రక్తనాళాలు పెద్దపేగు గోడలోని కండరాన్ని దాటి లోపలికి చేరే చోట ఆ గోడ సహజంగానే బలహీనంగా ఉంటుంది కాబట్టి, పేగులో ఒత్తిడి పెరిగినప్పుడు లోపలి పొర అక్కడి నుంచి బయటికి ఉబ్బి బఠాణీ గింజంత సంచులుగా నిలిచిపోతుంది. వయసుతోపాటు పెరిగే ఈ సంచులు ఉండటాన్ని మాత్రమే డైవర్టిక్యులోసిస్ అంటారు. చాలామందికి అవి ఉన్నట్లే తెలియదు. వాటిలో ఒకటి వాచిపోవడమే డైవర్టిక్యులైటిస్. సంచులున్నవారిలో 5 శాతం కంటే తక్కువ మందికే ఆ దశ వస్తుందని కొలనోస్కోపీ ఆధారంగా జరిగిన పరిశోధన చెబుతోంది.

ఈ నొప్పిని గుర్తించడానికి దాని తీవ్రత కంటే దాని నిలకడే ఎక్కువగా పనికొస్తుంది. గ్యాస్ నొప్పి కడుపంతా తిరుగుతూ, వస్తూ పోతూ ఉంటే, ఇది ఒకేచోట పాతుకుని గంటలు, రోజులు గడిచినా కదలదు. వేలితో నొక్కితే అక్కడే సలుపుతుంది. తోడుగా జ్వరం, వికారం, మలబద్ధకం లేదా విరేచనాలు ఉండవచ్చు. పాశ్చాత్య దేశాల్లో ఇది ఎక్కువగా ఎడమవైపు పొత్తికడుపులో కనిపిస్తుంది గాని, ఆసియా ప్రజల్లో కుడివైపు పేగులో సంచులు ఉండటం అరుదు కాదు. అందుకే అపెండిక్స్‌కు ఆపరేషన్ చేయాలనుకున్న కడుపులో అసలు దోషి ఇదేనని సీటీ స్కాన్‌లో బయటపడటం వైద్యులకు కొత్త కాదు. ఆటో స్పీడ్‌బ్రేకర్ మీద ఎగిరినప్పుడు కడుపులో కత్తి దిగినట్లు అనిపించినా, కడుపు చెక్కలా బిగుసుకున్నా, వాంతులు ఆగకపోయినా, మలంలో రక్తం పడినా, మూత్రంతోపాటు గాలి బుడగలు వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. హైదరాబాద్‌లో 2005లోనే మొదలైన 108 సేవ ఉన్నది ఇలాంటి వేళలకే.

నొప్పిని ఓర్చుకోవడం కంటే, అణచడానికి వాడే మందు దగ్గర జాగ్రత్త అవసరం. కౌంటర్ మీద అడగ్గానే దొరికే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి బిళ్లలు నొప్పిని మరుగుపరచడమే కాక, సంచికి చిల్లి పడే ప్రమాదాన్ని పెంచుతాయని పరిశోధనలు సూచించాయి కాబట్టి వైద్యులు సాధారణంగా పారాసిటమాల్ వైపే మొగ్గుతారు. యాంటీబయాటిక్ సంగతీ అంతే: చిక్కులు లేని వాపు విషయంలో అవి కోలుకోవడాన్ని వేగవంతం చేయలేదని 2012లో స్వీడన్ అధ్యయనం తేల్చింది, అయితే వాపు ఏ రకమన్నది స్కాన్ చూసిన వైద్యుడు చెప్పవలసిందే గాని షాపువాడు కాదు. తీవ్రత తగ్గేదాకా రెండుమూడు రోజులు గంజి తేట, కొబ్బరినీళ్లు, చారునీళ్లతో పేగుకు విశ్రాంతినిచ్చి, తరువాత మెత్తని అన్నం, సొరకాయ, పెసరకట్టు మీదుగా మామూలు తిండికి మెల్లగా రావడం ఆచరణలో ఉన్న పద్ధతి.

1971లో పెయింటర్, బర్కిట్ అనే బ్రిటిష్ వైద్యులు ఈ జబ్బుకు తిండిలో పీచు తగ్గడమే కారణమని వాదించారు. ఆ వాదం మొత్తంగా నిలవకపోయినా, పీచు మేలు చేస్తుందన్న సలహా మాత్రం మిగిలింది. జామ, టమాటా గింజలు సంచుల్లో ఇరుక్కుంటాయన్న భయం ఇళ్లలో ఇంకా పోలేదు గాని, 47,228 మంది పురుషులను 18 ఏళ్లు గమనించి 2008లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో గింజపప్పులు, మొక్కజొన్న, పాప్‌కార్న్ తిన్నవారికి ముప్పు పెరగలేదు. జొన్నరొట్టె, తోటకూర, జామపండు, నడక: వీటిలో ఖరీదైనదేదీ లేదు.

నొప్పి పూర్తిగా పోయాక కూడా ఒక పని మిగులుతుంది. వాపు ఉండగా కొలనోస్కోపీ చేస్తే పేగుకు చిల్లి పడవచ్చు కాబట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, ఇటీవల చేయించుకోనివారికి ఆ పరీక్ష జరపమని వైద్యులు సూచిస్తారు. ఎందుకంటే పెద్దపేగు క్యాన్సర్ కూడా కొన్నిసార్లు ఇదే వేషంలో వస్తుంది.