సింథసైజర్‌ను శ్రుతిలో నిలిపే ఒక్క వోల్టు

మాడ్యులర్ సింథసైజర్‌లో పాట తీగల వెంట వోల్టేజిగా నడుస్తుంది. సీక్వెన్సర్ ఒకదాని వెనక ఒకటిగా వోల్టేజీలు పంపుతుంటే, ఆసిలేటర్ వాటిని స్వరాలుగా పలికిస్తుంది. ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్లాలి. మధ్యస్థాయి షడ్జం తారస్థాయి షడ్జం కావాలి. స్థాయిలో 12 స్వరస్థానాలు గనుక ఒక్కోదానికి 83.3 మిల్లీవోల్టులు.

అమెరికా ఇంజనీరు రాబర్ట్ మూగ్ 1964లో సంగీతకారుడు హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి తొలి నమూనాలు చేశాడు. వోల్టుకొక స్థాయి అనే లెక్క మూగ్ యంత్రాలతోనే పేరుకెక్కింది. అదే కాలంలో కాలిఫోర్నియాలో డాన్ బుక్లా సీక్వెన్సర్‌ను తయారుచేశాడు. ఆయన తర్వాతి యంత్రాల్లో స్థాయికి 1.2 వోల్టులు. జపాన్ కోర్గ్ ఎంఎస్-20 పద్ధతి వేరు: దానిలో స్థాయి పెరగాలంటే వోల్టేజి రెట్టింపు కావాలి. 1995లో జర్మనీ నుంచి డోప్ఫర్ ఏ-100 వచ్చాక, ఒక వోల్టు లెక్కే ఎక్కువమందికి అలవాటైంది. మన దేశానికి మూగ్ సింథసైజర్ 1969లోనే వచ్చింది. అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ దాన్ని నెలకొల్పాడు. గీతా సారాభాయి, అతుల్ దేశాయి, జిన్‌రాజ్ జోషిపురా వంటివారు దానిపై పనిచేశారు.

ఇప్పుడు రెండు సీక్వెన్సర్లు ఒకే పాట వాయిస్తూ అపశ్రుతి పలుకుతున్నాయనుకుందాం. ముందు రెండింటినీ వంతులవారీగా ఒకే ఆసిలేటర్‌కు కలపండి. తేడా అలాగే ఉంటే లోపం సీక్వెన్సర్లది, పోతే ఆసిలేటర్లది. తర్వాత మల్టీమీటరు పెట్టి, ఒక స్థాయి ఎక్కినప్పుడు సరిగ్గా ఒక వోల్టు పెరుగుతోందా అని చూడాలి. తేడా అన్ని స్థాయిల్లోనూ ఒకేలా ఉంటే అది ప్రారంభ వోల్టేజి తేడా మాత్రమే. శ్రుతి మీట తిప్పితే సరి. పైకి వెళ్లేకొద్దీ పెరుగుతుంటే, స్థాయికి ఎన్ని వోల్టులో సరిచేసే స్కేల్ ట్రిమ్మర్‌ను సవరించాలి. కింది స్థాయిలన్నీ కుదిరి చివరి పై స్థాయి ఒక్కటే దిగిపోతుంటే, ఆసిలేటర్ ఆ వేగాన్ని అందుకోలేకపోతోందని అర్థం. తప్పు ఎలా పెరుగుతోందో గమనిస్తే అది ఎక్కడుందో తెలిసిపోతుంది.

మీటరులో అన్నీ సరిగా ఉండి, కలపగానే శ్రుతి దిగితే తీగల దగ్గర చూడండి. 1 కిలోఓమ్ నిరోధంతో బయటికి వచ్చే 5 వోల్టుల సంకేతం, 100 కిలోఓమ్‌ల ఇన్‌పుట్‌లోకి చేరేసరికి 4.95 అవుతుంది. అంటే సగం స్వరస్థానానికి పైగా నష్టం. అదే సంకేతాన్ని రెండు ఆసిలేటర్లకు పంచితే నష్టం పూర్తి స్వరస్థానాన్ని దాటుతుంది. అందుకే పంచే చోట బఫర్ ఉన్న మల్టిపుల్ (సంకేతాన్ని నష్టం లేకుండా పంచే మాడ్యూల్) వాడాలి.

ఇక వేడి. మన వరంగల్‌లో ఈ వాద్యం పెట్టుకునేవారికి అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే అని నా అభిప్రాయం. ఆసిలేటర్ లోపలి సిలికాన్ ట్రాన్సిస్టర్‌లో కరెంటు రెట్టింపు కావడానికి, 27 డిగ్రీల దగ్గర, సుమారు 18 మిల్లీవోల్టులు చాలు. యంత్రం ఒక వోల్టును అంత చిన్నదిగా తగ్గించి దానికి అందిస్తుంది. కానీ ఆ 18 స్థిరం కాదు. ఉష్ణోగ్రత డిగ్రీ పెరిగితే దాదాపు 0.33 శాతం పెరుగుతుంది. డిసెంబరులో 15 డిగ్రీల దగ్గర సరిచేసిన ఆసిలేటర్‌ను మే నెలలో 40 డిగ్రీల గదిలో వాయిస్తే, ఏ దిద్దుబాటూ లేనప్పుడు, ఒక్క స్థాయి ఎక్కేసరికే దాదాపు ఒక స్వరస్థానం తక్కువ పలుకుతుంది. దీనికి విరుగుడుగా, వేడితో అదే నిష్పత్తిలో మారే ప్రత్యేక రెసిస్టర్‌ను ట్రాన్సిస్టర్ జతకు అంటించి పెడతారు. చాలా మంచి ఆసిలేటర్లలో అది ఉంటుంది. చవక కిట్లలో కొన్నిసార్లు ఉండదు. కొనేముందు చూసుకోవాలి.

వరంగల్ ఎన్‌ఐటీలోనూ, చుట్టుపక్కల కాలేజీల్లోనూ ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలకు నాదొక విన్నపం. ఒక ఆసిలేటర్ కట్టి, అరగంట వెచ్చబడనిచ్చి, మేలోనూ డిసెంబరులోనూ కొలతలు తీసి చూడండి. మన ఎండకు తగ్గ దిద్దుబాటు మనమే చేసుకోవాలి.