మందు లేని మాత్ర

పూర్వం ధర్మాసుపత్రికి వెళ్ళేవాళ్ళు ఇంటినుంచి ఖాళీ సీసా పట్టుకుపోయేవారు. కాంపౌండరు అందులో ఎర్రనీళ్ళో, పచ్చనీళ్ళో పోసి, గాట్లు పెట్టిన కాగితం పట్టీ సీసాకు అంటించి, “పూటకొక గీత” అని చెప్పి పంపేవాడు. చేదుగా ఉంటే రోగికి తృప్తి. తియ్యగా ఉంటే, “ఇదేం మందండీ, పానకంలా వుంది!” అని అనుమానం. ఆ నీళ్ళలో మందెంతో, రంగెంతో అడిగినవారు లేరు.

ఈ రంగునీళ్ళ వైద్యం మన సొత్తేమీ కాదు. అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ 1807లో ఒక వైద్యమిత్రునికి ఉత్తరం వ్రాస్తూ, తానెరిగిన మంచి హస్తవాసి గల వైద్యుడొకాయన తక్కిన మందులన్నిటికంటె రొట్టె మాత్రలూ, రంగునీటి చుక్కలూ, కట్టెబూడిద పొడులే ఎక్కువ వాడానని తనతో ఒప్పుకొన్నాడని చెప్పాడు. అటువంటి మందుకు ‘ప్లాసిబో’ అని పేరు. లాటిన్ భాషలో ‘సంతోషపెడతాను’ అని అర్థం. జబ్బు కుదురుస్తానని కాదు, చూశారా! ఈ రెంటికీ మధ్య దూరమెంతో కొలవటానికి వైద్యులు చాలా కాలమే తీసుకొన్నారు.

మొదట కొలిచినవారిలో ఇంగ్లండులోని బాత్ పట్టణపు వైద్యుడు జాన్ హేగార్త్ ఒకడు. ఆ రోజుల్లో ఎలీషా పెర్కిన్స్ అనే అమెరికా వైద్యుని కడ్డీలు పేరు మోగుతున్నవి. మూడంగుళాల పొడవున రెండు లోహపు కడ్డీలు. ఒకటి బంగారు చాయ, ఒకటి వెండి చాయ. వాటి మొనతో నొప్పి ఉన్నచోట దువ్వితే బాధను లాగివేస్తవని ఆయన వాదం. 1796లో పేటెంటు పుచ్చుకొన్నాడు. మరుసటి ఏడే స్వరాష్ట్రపు వైద్యసంఘం ఆయనను వెలివేసినా గిరాకీ తగ్గలేదు. కొడుకు లండన్ చేరి జత ఐదు గినీలకు అమ్మాడు.

హేగార్త్ కొయ్యతో అచ్చంగా అటువంటి కడ్డీలే చేయించి, లోహంలా కనిపించేట్టు రంగు వేయించాడు. 1799 జనవరిలో తన మిత్రుడైన మరొక వైద్యునితో కలిసి ఆసుపత్రిలో ఐదుగురు కీళ్ళనొప్పుల రోగులను ఈ కొయ్యపుల్లలతో దువ్వించాడు. నలుగురు నొప్పి తగ్గిందన్నారు. ఒకాయనకు మోకాలు వెచ్చబడిందట. లేచి ఇదివరకటికంటె బాగా నడిచి చూపించాడు కూడాను. మర్నాడు అసలు లోహపు కడ్డీలతో దువ్వారు. ఫలితం అదే.

పెర్కిన్స్ మోసగాడా? నాకలా తోచదు. అదే 1799లో న్యూయార్కులో ఎల్లో ఫీవర్ చెలరేగితే, తాను తయారుచేసిన ఇంకొక మందు పట్టుకొని రోగుల మధ్యకు వెళ్ళాడు. ఆ జ్వరమే తగిలి అక్కడే పోయాడు. డబ్బుకోసం బొంకేవాడు అంతదూరం వెళ్ళడు గదా! బహుశా, తాను నమ్మి ఇచ్చేవాడి చేతిలోనే వట్టి మందు మరీ బాగా పనిచేస్తుంది గావును.

పుల్లల సంగతి సరే, కత్తి మాటేమిటి? 1950ల్లో గుండెనొప్పికి అమెరికాలో ఒక ఆపరేషను బాగా చెల్లింది. ఛాతీలో రొమ్ముటెముక ప్రక్కగా దిగే రెండు రక్తనాళాలను కట్టివేస్తే, ఆ రక్తం గుండెకు మళ్ళుతుందని ఊహ. చేయించుకొన్నవాళ్ళు నొప్పి తగ్గిందనే చెబుతున్నారు. సియాటిల్ నగరంలో లియొనార్డ్ కాబ్ అనే వైద్యునికి సందేహం వచ్చింది. పదిహేడుమందికి చర్మం కోసిన తరువాత సర్జను ఒక కవరు విప్పి చూసేవాడు. అందులో వ్రాసి ఉన్నదాన్నిబట్టి ఎనమండుగురికి నాళాలు కట్టారు; తొమ్మండుగురికి ఊరక కుట్టివేశారు. తరువాత రెండు జట్టులకూ ఒక్కలాగే నెమ్మదించింది! 1959లో ఈ సంగతి అచ్చయింది; కొన్నాళ్ళకు ఆ ఆపరేషనే మూలపడింది. వృథాకోతలు తప్పినందుకు సంతోషమే. కాని ఆ పదిహేడుమందికీ, కొందరికి ఉత్త కోతే పెడతామన్న మాట ముందుగా చెప్పలేదు. నేడైతే అలా చేయనివ్వరు.

ఇదంతా రోగి భ్రమే అని కొట్టివేయటానికీ వీలులేదు. 1978లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జ్ఞానదంతం తీయించుకొన్నవారికి వట్టి మందు ఎక్కిస్తే కొందరికి నొప్పి తగ్గింది. నల్లమందు శక్తిని విరిచే నలోక్సోన్ ఇచ్చేసరికి ఆ సుఖమూ విరిగింది. అంటే మనసుకు నమ్మకం కుదిరితే, నల్లమందులాంటిదాన్ని మెదడు తానే తయారుచేసుకొంటున్నదన్నమాట. 2010లో అచ్చయిన మరొక పరీక్షలో, “ఇందులో మందేమీ లేదు” అని ముందే చెప్పి ఎనభైమంది పేగుబాధ రోగులలో సగంమందికి వట్టి మాత్రలిచ్చారు. మూడు వారాలకు వారిలో నూటికి 59 మంది తెరిపిన పడ్డామన్నారు; ఏ మాత్రా పుచ్చుకోనివారిలో 35 మంది. నొప్పి, వికారం, దిగులు వంటివి రోగి చెబితేనే తెలిసేవి. వట్టి మందు బలమంతా అక్కడే.

చెప్పకపోయినా కొలవగలిగేవి వేరే ఉన్నవి. 2011లో బోస్టన్ వైద్యులు ఉబ్బసపు రోగులపై జరిపిన పరీక్షను వెల్లడించారు. ఒకసారి సాల్బుటమాల్ పీల్పించారు; ఒకసారి మందు లేనిది పీల్పించారు; ఒకసారి సూదులు గుచ్చినట్టు నటించారు; ఒకసారి ఊరక కూర్చోబెట్టారు. “ఎంత తెరిపిగా ఉంది?” అని అడిగితే, మొదటి మూడింటికీ ఇంచుమించు ఒకటే జవాబు: సగానికి సగం తగ్గిందని. ఊరక కూర్చున్నప్పుడు మాత్రం అయిదోవంతు. తరువాత గొట్టంలోకి ఊదించి చూశారు. అసలు మందు పీల్చినప్పుడు ఊపిరి బలం నూటికి ఇరవై పాళ్ళు పెరిగింది. తక్కిన మూడింటిలోనూ ఏడు పాళ్ళే.

వాళ్ళు అబద్ధమాడలేదు. ఆయాసం తగ్గినట్టే వారికి తోచింది. లోపల గొట్టాలు మాత్రం ఇరుకుగానే ఉన్నవి. ఉబ్బసం రాత్రివేళ తిరగబెట్టే జబ్బు. సాయంత్రం “ఇప్పుడు బాగానే ఉందిలెండి” అని పడుకొన్న మనిషిని ఆసుపత్రికి తీసుకుపోదామని ఇంట్లో ఎవరికి తోస్తుంది?