పైసలు పడ్డయా... కంప్యూటర్‌నే అడుగుదాం!

'సారూ, కరువు పని పైసలు పడ్డయా?'
'పడ్డయని కంప్యూటర్ల ఉంది. బ్యాంకుల అడుగు.'
'బ్యాంకోళ్లు రాలేదంటున్రు.'
'గట్లయితే వచ్చే వారం రా.'

ఉపాధి కూలీలకు ఈ సంభాషణ కొత్తేమీ కాదు. 'కంప్యూటర్‌లో అలా ఉంది' అన్న ఒక్క మాటతో అక్కడికి చర్చ ముగిసిపోతుంది. నిజానికి అది మొదలుకావాల్సింది అక్కడే! కంప్యూటర్‌లోని ఆ లెక్క ఏ అధికారి సొంతమూ కాదు. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత కూలి రాశారు, ఏ తేదీన చెల్లించారు... ఇవన్నీ జనం చూడటానికని ఇంటర్నెట్‌లో పెట్టిన వివరాలు. చూడటమే కాదు, వాటిని ప్రశ్నలూ అడగొచ్చు. అందుకో భాష ఉంది. దాని పేరు ఎస్‌క్యూఎల్.

మెదక్ నుంచే మొదలు

హైదరాబాద్ నుంచి ముంబయి రోడ్డు మీద సుమారు వంద కిలోమీటర్లు వెళితే జహీరాబాద్ వస్తుంది. చెరకు తోటలు, జొన్న, కంది చేలు, ట్రాక్టర్ల ఫ్యాక్టరీ, ఇంకాస్త ముందుకెళితే కర్ణాటక సరిహద్దు. 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం అంతకుముందు మెదక్ జిల్లాలో ఉండేది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైంది. మొదటి విడతలో దేశం మొత్తమ్మీద 200 జిల్లాలను ఎంపిక చేస్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 13 దక్కాయి. వాటిలో మెదక్ ఒకటి. అంటే, జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెలు తొలి విడత నుంచే ఈ లెక్కల్లోకి ఎక్కాయన్నమాట.

అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టీసీఎస్ సంస్థతో ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ తయారుచేయించింది. జాబ్‌కార్డు, మస్టరు, పని కొలతలు, చెల్లింపు... అన్నీ కంప్యూటర్ గుండానే నడవాలన్నది ఏర్పాటు. జిల్లా, మండలం, పంచాయతీ అంటూ మెట్టుమెట్టుగా కిందికి దిగితే చివరికి కూలీ పేరు దాకా వెళ్లొచ్చు. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరులోనే అమల్లోకి వచ్చింది. ఎవరూ అడక్కముందే వివరాలు బయటపెట్టాలని అందులోని నాలుగో సెక్షన్ చెబుతుంది. ఆ మాటకు ఉపాధి హామీ లెక్కలు మంచి ఉదాహరణగా నిలిచాయి.

అర్థమయ్యే భాషే!

ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ఓ ఆలోచన చెప్పాడు. సమాచారాన్నంతా పట్టికలుగా రాసుకుని, ఒక పట్టికను ఇంకోదానితో కలుపుకోవచ్చన్నదే అది. దాని ఆధారంగా అదే సంస్థకు చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో ఒక ప్రశ్నల భాషను రూపొందించారు. అదే ఇప్పటి ఎస్‌క్యూఎల్. అందులో ముఖ్యమైన మాటలు పది పన్నెండుకు మించవు. 'సెలెక్ట్' అంటే ఏం కావాలో చెప్పడం. 'ఫ్రమ్' అంటే ఏ పట్టికలోంచి అని. 'వేర్' అంటే షరతు. 'గ్రూప్ బై' అంటే కుప్పలుగా పోయడం. కోసిన కందిని ఎవరి కళ్లంలో వాళ్ల కుప్ప వేసినట్టే!

ఉదాహరణకు ఒక పంచాయతీ మస్టర్ల పట్టిక చేతిలో ఉందనుకోండి. 'సెలెక్ట్ జాబ్‌కార్డు, సమ్ పనిదినాలు, ఫ్రమ్ మస్టరు, గ్రూప్ బై జాబ్‌కార్డు' అంటే చాలు, ఏ కుటుంబానికి ఎన్ని రోజుల పని దొరికిందో వరసగా వచ్చేస్తుంది. ఇక్కడో తిరకాసు ఉంది. చట్టం హామీ ఇచ్చిన వంద రోజులు కుటుంబానికి, మనిషికి కాదు. జాబ్‌కార్డు వారీగా కాకుండా పేరు వారీగా కుప్ప వేస్తే, వంద రోజులు నిండిన ఇల్లు కూడా నిండనట్టే కనిపిస్తుంది. ప్రశ్న తప్పితే జవాబూ తప్పుతుంది.

ఇంకో ప్రశ్న. ఒకే మనిషి ఒకే రోజు రెండు మస్టర్లలో ఉన్నాడా? మనిషి, తేదీ కలిపి కుప్పలు వేసి, ఒకటికన్నా ఎక్కువ ఉన్నవాటిని మాత్రమే చూపమనాలి. ఆ పనికి 'హ్యావింగ్' అనే మాట ఉంది. వేల కాగితాలు తిరగేసినా దొరకని జంట హాజరు క్షణాల్లో బయటపడుతుంది.

ఆలస్యం ఎక్కడ దాగింది?

పని చేసిన 15 రోజుల్లోగా కూలి అందాలన్నది ఉపాధి హామీ చట్టంలోని మాట. ఆలస్యమైతే 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలి. మరి ఎంత ఆలస్యమైందో తేల్చేదెలా? ఒక తేదీలోంచి ఇంకో తేదీని తీసేస్తే సరి. అయితే ఏ తేదీని? అసలు కథంతా ఇక్కడే ఉంది.

మస్టరు ముగిసిన తేదీ ఒకటి. డబ్బు బదిలీ చేయమంటూ కింది స్థాయిలో ఆదేశం తయారైన తేదీ మరొకటి. దాన్నే ఎఫ్‌టీఓ అంటారు. ఆ ఆదేశం ఢిల్లీ దాటి డబ్బు కూలీ ఖాతాలో పడిన తేదీ మూడోది. ప్రభుత్వ నివేదికలు మొదటి తేదీకీ రెండో తేదీకీ మధ్య ఎన్ని రోజులో చూసి 'సకాలంలో చెల్లించాం' అనేవి. కూలీకి కావాల్సింది మూడో తేదీ! రాజేంద్రన్ నారాయణన్, మరికొందరు పరిశోధకులు 2016-17కు సంబంధించి 10 రాష్ట్రాల్లో 90 లక్షలకు పైగా చెల్లింపులను వెబ్‌సైటు నుంచే సేకరించి పరిశీలించారు. మూడో తేదీ దాకా లెక్కేస్తే వేళకు అందినవి సుమారు 21 శాతమేనని తేలింది. వాళ్లు రహస్య పత్రాలేవీ సంపాదించలేదు. అందరి ముందూ ఉన్న పట్టికనే మరో ప్రశ్న అడిగారు, అంతే! స్వరాజ్ అభియాన్ వేసిన కేసులో ఈ ఆలస్యాల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కూలి చెల్లింపు బాధ్యతను రెండు ముక్కలు చేసి కేంద్రం తప్పించుకోజాలదని 2018 మే నెలలో కోర్టు తేల్చిచెప్పింది.

మాయమైన పేర్లు

పట్టికలో ఉన్నవాటినే కాదు, లేకుండా పోయినవాటినీ అడగొచ్చు. నిరుటి జాబితా, ఈ ఏటి జాబితా పక్కపక్కన పెట్టి, అందులో ఉండి ఇందులో లేని పేర్లు చూపమంటే సరిపోతుంది. 2022-23లో దేశవ్యాప్తంగా 5.18 కోట్ల మంది కూలీల పేర్లు తొలగించినట్టు కేంద్రమే లోక్‌సభకు తెలిపింది. అంతకుముందు ఏడాది ఆ సంఖ్య 1.49 కోట్లు. తెలంగాణలో 61 వేల నుంచి ఒక్కసారిగా 17.32 లక్షలకు పెరిగింది. నకిలీ కార్డులు, రెండుసార్లు ఉన్న పేర్లు, పని వద్దన్నవాళ్లు, ఊరు విడిచినవాళ్లు, చనిపోయినవాళ్లు... ఇవీ చూపిన కారణాలు.

నిజమే కావచ్చు. కానీ ఊరు విడిచారని రాసినవాళ్లు నిజంగా విడిచారా? కోతల కాలంలో రెండు నెలలు పొరుగు జిల్లాకు పోయొచ్చిన మనిషి శాశ్వతంగా వెళ్లిపోయినట్టా? బతికుండగానే చనిపోయినట్టు రాసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వీటికి ఏ ఎస్‌క్యూఎల్ జవాబు చెప్పలేదు. 'ఈ పేర్లు చూడండి' అని జాబితా మాత్రం ఇస్తుంది. తర్వాత తలుపు తట్టాల్సింది మనిషే.

ఊరి సాక్ష్యం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందుకూ ఓ దారి వేసింది. ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ పనులపై గ్రామసభ సామాజిక తనిఖీ జరపాలని చెప్పింది. దీనికోసం రాష్ట్రంలో 2009లో ప్రత్యేకంగా ఒక సొసైటీ ఏర్పడింది. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలే చెల్లింపుల జాబితాలు పట్టుకుని ఇంటింటికీ తిరిగేవారు. 'నీ పేర ఇన్ని రోజులు, ఇంత కూలి రాసి ఉంది, నిజమేనా?' అని చదివి వినిపించేవారు. మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అందరి ముందూ తేల్చేవారు.

దీని ఫలితాలనూ లెక్కగట్టినవాళ్లున్నారు. ఫర్జానా అఫ్రిది, వేగార్డ్ ఐవర్సన్ 2006-10 మధ్య 8 జిల్లాల్లోని 300 పంచాయతీల తనిఖీ నివేదికలను పట్టికలుగా మార్చి చూశారు. సులువుగా దొరికిపోయే కూలి అక్రమాలు తగ్గుముఖం పట్టగా, పట్టుకోవడం కష్టమైన సామగ్రి కొనుగోళ్ల అక్రమాలు పెరిగినట్టు గమనించారు. దొంగకు తలుపు మూస్తే కిటికీ వెతుక్కున్నాడన్నమాట! తప్పు కనిపెడితే చాలదు, చర్య కూడా ఉండాలన్నది వాళ్ల పరిశీలన సారం.

లెక్కలోకి వెళ్లే సమాచారమే తప్పయితే? 2023 జనవరి నుంచి పనిచోట రోజుకు రెండు ఫొటోలతో హాజరు తప్పనిసరి చేశారు. సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు ఎక్కిస్తున్నారని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. పట్టికలో మాత్రం అది నిఖార్సయిన హాజరే!

జహీరాబాద్‌లో ఎందరికి పనుంది?

అన్ని ప్రశ్నలకూ అన్ని పట్టికలూ పనికిరావు. నిరుద్యోగ శాతం అంటూ పేపర్లలో వచ్చే అంకెలు 2017 ఏప్రిల్‌లో మొదలైన కార్మిక శక్తి సర్వేవి. దాని మూల సమాచారం కూడా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అయితే అందులో ఒక్కో వరస వేలమందికి ప్రతినిధి. ఆ వరసకు ఇచ్చిన గుణకంతో హెచ్చవేయకుండా ఊరికే లెక్కబెడితే జవాబు తలకిందులవుతుంది. పైగా వారం లెక్కలో, గడచిన ఏడు రోజుల్లో ఏ ఒక్కరోజయినా గంటసేపు పనిచేసినవాళ్లూ పనిలో ఉన్నట్టే. చెరకు కొట్టే కాలంలో ఒళ్లు హూనమయ్యే మనిషీ, వారంలో ఓ గంట కొట్లో కూర్చున్న మనిషీ అక్కడ ఒకటే. ఇక జహీరాబాద్ ఒక్కదాని సంగతి ఈ సర్వే చెప్పదు. పట్టణం, పల్లె వారీగా కావాలంటే 2011 జనగణన వైపు చూడాలి. అది అప్పటి సంగతి.

రేపటి లెక్క

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో 'వీబీ-జీ రామ్ జీ' చట్టాన్ని ఆమోదించింది. హామీ 100 నుంచి 125 రోజులకు పెరిగింది. ప్రశ్న రాసేవాళ్లకు అది ఒక అంకె మార్చినంత పని. కూలీకి అసలు ముఖ్యం వేరే. పేరు దాకా వెళ్లే ఆ పట్టికలు అలాగే తెరిచి ఉంటాయా? డబ్బు ఖాతాలో పడిన తేదీ అందులో ఉంటుందా? పేరు తీసేస్తే ఎందుకు తీశారో రాసే గడి ఉంటుందా? ఆ గడులు లేకపోతే ఎంత గొప్ప భాష నేర్చినా అడగడానికి ఏమీ మిగలదు.

జహీరాబాద్ దగ్గర్లోని మాచనూరులో పల్లె మహిళలు 2008లోనే సొంతంగా 'సంఘం రేడియో' మొదలుపెట్టారు. చెప్పేవాళ్లుండాలేగానీ వినే ఊళ్లకు కొదవలేదని అది రుజువు చేసింది. కాలేజీలో ఎస్‌క్యూఎల్ నేర్చుకున్న పిల్లలు ఇప్పుడు ఏ మండలంలో చూసినా ఉన్నారు. 'ఎస్‌క్యూలైట్' లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక మామూలు కంప్యూటర్ చాలు. సెలవుల్లో సొంత పంచాయతీ మస్టర్లను ఒకసారి ప్రశ్నించి, వచ్చిన జవాబును గ్రామసభలో గట్టిగా చదివితే... 'కంప్యూటర్ల గట్లనే ఉంది' అన్న మాట అప్పుడు కూలీకి జవాబు కాదు, సాక్ష్యం అవుతుంది.