బండిమీది ఫ్రైడ్ రైసు - దాని లెక్క

"పిండి కొద్దీ రొట్టె" అని మన పెద్దలు చెప్పిరి. జొన్నరొట్టె చేయు ఇల్లాలికి ఈ మాట క్రొత్త గాదు. చేతిలోని పిండిముద్దను చూచి రొట్టె ఎంత పెద్దదగునో, ఎన్ని రొట్టెలకు ఎవరి ఆకలి తీరునో ఆమె చెప్పగలదు. పిండి ఆమె కన్నులయెదుటనే యున్నది. కొలత ఆమె చేతిలోనే యున్నది. కాని పిండి మనము చూడక, నూనె మనము పోయక, గరిట మనము పట్టక, ఇతరులు వండి పొట్లము కట్టి యిచ్చిన ఆహారమునకు ఈ లెక్క ఎట్లు వేయవలెను? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము.

ఆ యాహారము ఏదియో మీకు తెలియనిది గాదు. ప్రొద్దు క్రుంకినంతనే వనపర్తి, కొల్లాపురము, పెబ్బేరు వంటి ఊళ్లలోనే కాక, వీపనగండ్ల వంటి మండల కేంద్రములో కూడ బస్సులు నిలుచుచోట ఒక బండి వెలుగును. పెద్ద మంట, నల్లని మూకుడు, ఇనుప గరిట చప్పుడు, సోయాసాసు వాసన. ఎగ్ ఫ్రైడ్ రైసు, నూడుల్సు, గోబీ మంచూరియా. వీనిని మనము 'చైనీసు' అందుము గాని, ఇందులో చైనా పాలు కొంత, మన పాలు కొంత. కలకత్తా నగరమున తరతరములుగా స్థిరపడిన చైనీయ కుటుంబముల వంట మన అల్లము, వెల్లుల్లి, పచ్చిమిరపలతో కలిసి క్రొత్త రూపము దాల్చినది. మంచూరియా అను వంటకమునకు ఆ పేరుగల దేశభాగముతో సంబంధము లేదు. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ అను వంటవాడు 1975లో బొంబాయి నగరమున కోడిమాంసముతో దానిని మొదట వండెనని ప్రసిద్ధి. కోడికి బదులు గోబిపువ్వు వచ్చి, పెద్ద హోటళ్లనుండి బండ్లమీదికి దిగి, నేడది పాలమూరు పల్లెల సాయంకాలపు తిండియైనది.

ఈ లెక్కలో నేను పడుటకు ఒక కారణము కలదు. మూడేండ్ల క్రిందట వైద్యుడొకరు నా రక్తపరీక్ష చూచి, మధుమేహము ఇంకను రాలేదు గాని గడపవద్దకు వచ్చి నిలిచినదని చెప్పిరి. మా తండ్రిగారు ఆ వ్యాధివలననే చూపు పోగొట్టుకొన్నవారు. కావున ఆ మాట నాకు తేలికగా తోచలేదు. ఆనాటినుండి రాత్రి అన్నము మానితిని. అన్నమునకు బదులు, పనినుండి వచ్చుచు ఒక ప్లేటు గోబీ మంచూరియా తినుచుంటిని. కూరగాయయే గదా యని నా ధైర్యము. ఆరు నెలలు గడచిన తరువాత చూచుకొనగా నా తూకము తగ్గుటకు బదులు రెండు కిలోలు పెరిగియుండెను.

ఆ దినములలోనే రైతుల మాటలు రికార్డు చేయుటకై వీపనగండ్ల పోవుట తటస్థించినది. తిరుగు బస్సు ఆలస్యమైనందున ఒక బండివద్ద నిలిచి, ఎగ్ ఫ్రైడ్ రైసు చేయు యువకుని చేతినే చూచుచుంటిని. "తమ్మీ, ఒక ప్లేటుకు నూనె ఎంత పోస్తవు?" అని అడిగితిని. "దానికి లెక్కేముంటది సార్, చెయ్యి ఎంతంటే అంత. తక్కువ పోస్తే అన్నం మూకుడుకు అంటుకుంటది" అని అతడు నవ్వెను. అతని మాట నిజము. అంత పెద్ద మంటమీద, చల్లారిన అన్నమును మాడకుండ ఎగురవేయవలెనన్న నూనె ధారాళముగా ఉండవలెను. మా యింటి పెద్ద చెంచాతో పోల్చినచో అతడు పోసినది మూడు చెంచాలకు తక్కువ లేదు. నా లెక్క ఎక్కడ తప్పినదో అప్పుడు కొంత తెలిసినది.

లెక్కకు ముందు కొలమానము తెలియవలెను. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కించుటకు కావలసిన ఉష్ణమును ఆహారశాస్త్రమున ఒక కెలోరీ అని వ్యవహరింతురు. పిండిపదార్థము ఒక గ్రాము 4 కెలోరీలు, మాంసకృత్తులు ఒక గ్రాము 4 కెలోరీలు, నూనె లేక నెయ్యి ఒక గ్రాము 9 కెలోరీలు ఇచ్చును. ఈ మూడంకెలలో చివరిదానిని గట్టిగా గుర్తుంచుకొనుడు. బియ్యముకంటె నూనె తూకమునకు తూకము రెండున్నర రెట్లు బలమైనది. పైగా కంటికి కనబడక మెతుకులలో ఇంకిపోవును.

మనకు దినమునకు ఎన్ని కెలోరీలు కావలెను? ఈ విషయమున మనకు ప్రమాణము హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరున మెక్కారిసన్ అను వైద్యుడు చిన్నగా ప్రారంభించిన పరిశోధనశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేడు తార్నాకలో ఈ సంస్థగా నిలిచియున్నది. 2020లో అది ప్రకటించిన అంకెల ప్రకారము, కూర్చుండి పనిచేయు పురుషునకు దినమునకు 2,110 కెలోరీలు, స్త్రీకి 1,660 కెలోరీలు చాలును. కాయకష్టము చేయు పురుషునకు 3,470, స్త్రీకి 2,720 కావలెను. అనగా దుకాణములో కూర్చుండువారికిని, వరిమడిలో నాటువేయువారికిని ఒకే లెక్క పనికిరాదు.

ఇక బండివద్దకు పోదము. త్రాసు అక్కడ లేదు; కాని మీ చేయి మీవద్దనే యున్నది. మూసిన పిడికిలి యంత అన్నము సుమారు 150 గ్రాములు తూగును. వండిన అన్నము నూరు గ్రాములకు 130 కెలోరీల చొప్పున, పిడికిలికి సుమారు 195 కెలోరీలని లెక్కించవచ్చును. పెద్ద చెంచాడు నూనె దాదాపు 13 లేక 14 గ్రాములు, అనగా 120 కెలోరీలు. ఒక కోడిగ్రుడ్డు 70 కెలోరీలు. ఈ మూడే మనకు కావలసిన తూనికరాళ్లు.

ఒక పొట్లము ఎగ్ ఫ్రైడ్ రైసులో మూడు పిడికిళ్ల అన్నమున్నదనుకొందము. అది 585 కెలోరీలు. మూడు పెద్ద చెంచాల నూనె 360. రెండు గ్రుడ్లు 140. క్యాబేజీ, క్యారెట్టు, సాసులు కలిపి ఒక పాతిక. మొత్తము 1,110. ఇంటిలో అరువది గ్రాముల పిండితో, నూనె లేకుండ కాల్చిన జొన్నరొట్టె సుమారు 200 కెలోరీలు. కావున ఆ పొట్లము ఐదున్నర రొట్టెలకు సమానము! కూర్చుండి పనిచేయు మనిషి ఒక్క పూట ఐదున్నర రొట్టెలు తినినచో ఇంటిలో అందరును ఆశ్చర్యపడుదురు, తానును ఆయాసపడును. ఫ్రైడ్ రైసు పొట్లము ఖాళీయైనను ఎవరును ఆశ్చర్యపడరు. కూర్చుండి పనిచేయు పురుషుని దినములో అది సగముకంటె ఎక్కువ. స్త్రీ దినములో మూడింట రెండు వంతులు.

గోబీ మంచూరియా సంగతి ఇంతకంటె చిత్రము. రెండువందల గ్రాముల గోబిపువ్వులో ఉన్నవి ఏబది కెలోరీలే. దానిని మైదా, మొక్కజొన్న పిండి కలిపిన జారులో ముంచుదురు. పిండి అరువది గ్రాములైన 210 కెలోరీలు. మరుగుచున్న నూనెలో వేయింతురు. పిండిపొర నూనెను పీల్చుకొనును. అట్లు పీల్చినది ముప్పదియైదు గ్రాములని వేసికొన్నచో 315. పైన తియ్యని సాసులకు ఒక పాతిక. వెరసి 600. అదే గోబిపువ్వును ఇంటిలో రెండు చిన్న చెంచాల నూనెతో కూర వండిన 140 కెలోరీలకు మించదు. నేను కూరగాయ తినుచున్నాననుకొన్నది వాస్తవమునకు నూనెలో తడిసిన పిండి; లోపల గోబీ ఒక సాకు మాత్రమే. 'డ్రై' వద్దు, 'గ్రేవీ' చాలునని కొందరందురు. దానివలన తేడా లేదు. వేపుడు మొదటనే జరిగిపోయినది. పులుసు పోసినంతమాత్రమున నూనె వెలికి రాదు.

నూడుల్సు కూడ ఇట్టివే. ఎండు నూడుల్సు నూరు గ్రాములు 350 కెలోరీలు. ఉడికినప్పుడు నీరు పీల్చి రెండు రెట్లకు పైగా ఉబ్బును. ఒక ప్లేటునకు నూరు గ్రాముల ఎండు సరుకు, రెండు చెంచాల నూనె యనుకొన్నను ఆరువందలకు చేరును. ప్రక్కన 250 మిల్లీలీటర్ల శీతలపానీయము త్రాగినచో పాతిక గ్రాముల చక్కెర, మరి నూరు కెలోరీలు. అజినోమోటోను గూర్చి చాలమంది భయపడుదురు గాని, కెలోరీల లెక్కలో దానికి చోటు లేదు. చూడవలసినది ఉప్పు. దినమునకు 5 గ్రాములు మించరాదని నియమము. ఒక పెద్ద చెంచాడు సోయాసాసులోనే రెండు గ్రాములకు పైగా ఉప్పుండును.

మన కంటి అంచనా ఎంత నమ్మదగినది? అమెరికాలో 1992లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి ఇక్కడ చెప్పదగినది. తాము మితముగా తినుచున్నను తూకము తగ్గుట లేదని వాపోయిన పదిమంది స్థూలకాయులను పరీక్షింపగా, వారు తినినదానిలో దాదాపు సగమును లెక్కకు తక్కువగా చెప్పినట్లు తేలినది. వారు అబద్ధమాడిరనుట కాదు. కంటికి కనబడనిదానిని లెక్కించలేకపోయిరి. నా గోబీ కథయు అంతే. కావున ఇంటి భోజనమునకు వేసిన లెక్క ఎట్లున్నను, బండి భోజనమునకు మీరు వేసిన లెక్కపై పావువంతు కలిపి చూచుకొనుట మంచిది. రెండంకెల నడుమ సందేహము కలిగినచో పెద్దదానినే పట్టుకొనుడు.

ఇంత లెక్క ఎందుకని అడుగవచ్చును. మన దేశమున మధుమేహ రోగులు 10 కోట్లకు పైబడిరని భారత వైద్య పరిశోధనా మండలి సహాయముతో జరిగిన సర్వే 2023లో తెలిపినది. నావలె గడపవద్ద నిలిచినవారు 13 కోట్లకు పైగా ఉన్నారు. ఇది పట్టణముల వ్యాధి, మన పల్లెలకు రాదు అను ధీమాకు కాలము చెల్లినది.

అట్లని బండి మానుడని నేను చెప్పుట లేదు. చేయదగినవి నాలుగు కలవు. మొదటిది, పొయ్యి ముందర నిలిచి, మూకుడులో నూనె పడకమునుపే "నూనె తక్కువ పొయ్యి, తమ్మీ" అని చెప్పుట. పడిన పిమ్మట చెప్పి లాభము లేదు. ఒక్క చెంచా తగ్గినను 120 కెలోరీలు తగ్గును. రెండవది, పొట్లమునుండియే తినక, ఇంటికి తెచ్చి ముందుగానే రెండు పళ్లెములలో పంచుట. తినుచు పంచుదమన్న చేయి ఆగదు. సగము పొట్లము, ఒక పచ్చి ఉల్లిగడ్డ, కీరదోస ముక్కలు, ఒక గిన్నె పెరుగు. కడుపు నిండును, లెక్క ఏడువందల లోపల నిలుచును. మూడవది, ఫ్రైడ్ రైసు, మంచూరియా రెండింటిలో ఒకటే తీసికొనుట. రెండును ఒక్కరే తినినచో 1,700. కూర్చుండి పనిచేయు స్త్రీకి దినమంతటికి కావలసినది ఆ ఒక్క పూటలోనే ముగిసెను. నాలుగవది, బండి తిండి రాత్రి భోజనమునకు బదులుగా ఉండవలెనే గాని దానికి ముందు చిరుతిండిగా ఉండరాదు. చాలమంది ఇళ్లలో జరుగు పొరపాటు ఇదియే.

ఈ హెచ్చరిక అందరికిని ఒక్కటే కాదని మరల చెప్పుచున్నాను. ఉదయమునుండి నాటువేసి, మధ్యాహ్నము ఇంత సద్ది తిని, చీకటిపడినపుడు ఆ పొట్లము కొన్న కూలి తల్లికి 1,100 కెలోరీలు ఎక్కువ గాదు. ఆమె ఒడలు అడుగుచున్నదే అది. ఆమెకు కొరవడునది మాంసకృత్తులు, ఆకుకూర, పప్పు. ఆమె ఇంకొక గ్రుడ్డు వేయించుకొనుట, ఇంట గుప్పెడు పల్లీలు తినుట మేలు. ఆమె పళ్లెమును చూచి దుకాణదారు తినరాదు. దుకాణదారు పథ్యమును చూచి ఆమె మానరాదు. బండి యువకుని నిందించుటయు తగదు. అతడు కొనువారు కోరిన రుచిని అమ్ముచున్నాడు. నూనె ఖరీదు అతనికిని భారమే. తక్కువ పోయుమన్న నాతో అతడు వాదింపలేదు.

నేను ఇప్పటికిని అప్పుడప్పుడు బండివద్ద నిలుచుచునే యున్నాను. పొట్లము ఒకటి, తినువారము ఇద్దరము. పెరిగిన రెండు కిలోలు పోయి, మరి మూడు కిలోలు తగ్గినవి. వైద్యుడు చూపిన గడప ఇంకను దాటలేదు. మీరును ఈ రాత్రి పొట్లము విప్పినపుడు, మొదటి ముద్దకు ముందు మీ పిడికిలిని దాని ప్రక్కన ఉంచి, ఎన్ని పిడికిళ్లో చూడుడు. ఆ తరువాత కాగితమునకు అంటిన నూనెను కూడ ఒకసారి చూడుడు.