గడియారాన్ని సరిదిద్దే మీట

విండోస్ కంప్యూటర్‌లో సమయాన్ని ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే ఏర్పాటును ఆపేయడానికి సెట్టింగ్స్‌లో ఒక్క మీట నొక్కితే చాలు. ఆ మీట ఉండవలసిందే. కానీ గడియారాన్ని చూసుకునే మరో ఆధారం సిద్ధంగా లేకుండా దాన్ని ఆపడం తప్పు. ఎందుకంటే కంప్యూటర్‌కు తనంతట తాను సమయం నిలుపుకునే శక్తి తక్కువ. మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీతో నడిచే గడియారంలో సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. పది లక్షల కంపనాల్లో ఇరవై అటూ ఇటూ అయితే రోజుకు సుమారు 1.7 సెకన్లు, నెలకు 50 సెకన్ల దాకా తేడా పడుతుంది. ఆ మాత్రం తేడా మామూలు స్ఫటికానికి సహజమే. వేడిమి మారితే ఈ తేడా కూడా మారుతుంది. యంత్రం నడుస్తున్నప్పుడు విండోస్ లెక్కించేది వేరే స్ఫటికాన్నే అయినా, దాని గుణమూ ఇదే.

ఈ లోపాన్ని దిద్దిన ఘనత కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ మిల్స్‌ది. 1985లో ఆయన, నెట్‌వర్క్‌లోని సర్వర్‌ను అడిగి సమయం తెచ్చుకునే నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్ తొలి వివరణను వెలువరించారు. తర్వాత డెలావేర్ విశ్వవిద్యాలయంలో ఉంటూ దశాబ్దాలపాటు దానికి మెరుగులు దిద్దారు. చూపు క్షీణించినా ఆ పని వదలలేదు. 2024లో కన్నుమూశారు. ఆయన పద్ధతి చాలా అందమైనది. ప్రశ్న బయలుదేరిన క్షణం, సర్వర్‌కు చేరిన క్షణం, జవాబు బయలుదేరిన క్షణం, తిరిగి అందిన క్షణం, ఈ నాలుగింటినీ పోల్చి దారిలో గడిచిన కాలాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. తేడా కొద్దిగానే ఉంటే గడియారాన్ని ఒక్కసారిగా గెంతించదు, నడకను సవరిస్తుంది. కార్యాలయాల్లో లాగిన్‌ను తనిఖీ చేసే కెర్బెరోస్ పద్ధతి మామూలుగా 5 నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు. అందుకే విండోస్ 2000లో సమయ సేవ చేరింది. ఎక్స్‌పీతో అది ఇళ్లలోని కంప్యూటర్లకూ వచ్చింది.

సర్వరే తప్పు చెబితే ఏమిటని అడగవచ్చు. 2012 నవంబర్ 19న అమెరికా నావికాదళ వేధశాల సర్వర్లు కాసేపు 2000 సంవత్సరాన్ని చూపాయి. ఎన్నో విండోస్ నెట్‌వర్క్‌లు చిక్కుల్లో పడ్డాయి. అయితే ఒకే సర్వర్‌ను నమ్మడం వల్ల వచ్చిన ప్రమాదం అది. నాలుగైదు సర్వర్లను పోల్చి, పొసగనిదాన్ని పక్కన పెట్టాలన్నదే మిల్స్ రూపకల్పన. పైగా ఏ కార్యాలయ నెట్‌వర్క్ (డొమైన్)లోనూ చేరని విండోస్ కంప్యూటర్ మామూలుగా 15 గంటలకు మించిన దిద్దుబాటును స్వీకరించదు. మరికొందరు లినక్స్ వాడి విండోస్‌లోకి రాగానే సమయం తప్పుతోందని ఈ మీట మీద నింద వేస్తారు. మన దేశంలో ఆ తేడా సరిగ్గా ఐదున్నర గంటలు. లినక్స్ సాధారణంగా మదర్‌బోర్డు గడియారంలో అంతర్జాతీయ సమయాన్ని ఉంచుతుంది, విండోస్ అక్కడ స్థానిక సమయం ఉందనుకుంటుంది. రెండింటికీ ఒకే లెక్క కుదర్చాలి గానీ, మీట ఆపితే ఆ తేడా పోదు.

ఆపడానికి సరైన కారణాలూ ఉన్నాయి. జీపీఎస్ రిసీవర్ నుంచి నేరుగా సమయం అందుకునే ప్రయోగశాల కంప్యూటర్‌కు, వేరే సమయ సాఫ్ట్‌వేర్ ఉన్నచోట, తేదీని ముందుకో వెనక్కో జరిపి ప్రోగ్రామ్‌ను పరీక్షించేటప్పుడు ఈ సేవ అడ్డే. పరీక్ష ముగిశాక మాత్రం మీట తిరిగి వేయండి. 30 సెకన్లకోసారి మారే లాగిన్ కోడ్‌లూ, వెబ్‌సైట్ల భద్రతా పత్రాల గడువులూ మీ గడియారం మీదే ఆధారపడి ఉన్నాయి.