గ్యారేజీ రిఫ్రిజిరేటరు

గ్యారేజీ రిఫ్రిజిరేటరు అనగా వంటింటిలోని రిఫ్రిజిరేటరుకు అదనంగా, కారు నిలిపే గదిలో ఉంచి వాడుకునే రెండవ రిఫ్రిజిరేటరు. అమెరికా సంయుక్త రాష్ట్రాలు, కెనడాలలో ఇది సర్వసాధారణం. అమెరికాలో సుమారు మూడింట ఒక వంతు ఇళ్ళలో ఒకటి కంటే ఎక్కువ రిఫ్రిజిరేటర్లు ఉన్నాయి. వంటింటికి కొత్తది కొన్నప్పుడు పాతది గ్యారేజీకి చేరడం పరిపాటి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో కూడా కరివేపాకు, గోంగూర, కొబ్బరి కోరు, మునగకాడ ముక్కలు ఎక్కువ మొత్తంలో నిలవ చేసుకోవడానికి ఇది ఉపయోగపడుతుంది.

ఈ గ్యారేజీలు చాలావరకు ఇంటి గోడకు ఆనుకొనే ఉన్నా, ఇంటిని వెచ్చబరిచే ఏర్పాటు వాటికి ఉండదు. మిన్నెసోటా, మిషిగన్ వంటి ఉత్తరాది రాష్ట్రాలలో శీతాకాలంలో గ్యారేజీ ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెంటీగ్రేడు కంటే తగ్గవచ్చు. ఇంత చలిలో రిఫ్రిజిరేటరు మరింత బాగా పనిచేస్తుందని అనుకోవడం సహజం. జరిగేది అందుకు విరుద్ధం. బయట చలి పెరిగినప్పుడు ఫ్రీజరులో గడ్డకట్టి ఉన్న పదార్థాలు కరగడం మొదలవుతుంది.

చలిలో ఫ్రీజరు కరగడానికి కారణం

పైన ఫ్రీజరు, కింద చల్లటి అర ఉండే సాధారణ రిఫ్రిజిరేటరులో కంప్రెసరు ఒక్కటే. ఎవాపరేటరు అనే శీతల గొట్టాల చుట్ట కూడా చాలా నమూనాలలో ఒక్కటే. అది ఫ్రీజరు వైపు ఉంటుంది. అక్కడ చల్లబడిన గాలిలో కొంత భాగం సన్నని మార్గం గుండా కింది అరలోకి వస్తుంది. కంప్రెసరు ఎప్పుడు నడవాలో, ఎప్పుడు ఆగాలో నిర్ణయించే థర్మోస్టాటు మాత్రం ఈ కింది అరలోనే ఉంటుంది. అనగా యంత్రం కొలిచేది కింది అర ఉష్ణోగ్రతనే. ఫ్రీజరులో ఏమి జరుగుతున్నదీ దానికి తెలియదు.

వెచ్చని వంటింట్లో ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. గది వేడి రెండు అరలలోకీ నిరంతరం చొరబడుతుంది కనుక, కింది అరను 3 లేదా 4 డిగ్రీల వద్ద నిలపడానికి కంప్రెసరు నడిచేంత సేపటిలో ఫ్రీజరు కూడా -18 డిగ్రీలకు చేరుతుంది. గ్యారేజీ 3 డిగ్రీలకు చల్లబడితే లెక్క తప్పుతుంది. కింది అరకు బయటి నుండి వేడి అందదు, థర్మోస్టాటు కంప్రెసరును నడపమని చెప్పదు. ఫ్రీజరుకు మాత్రం 3 డిగ్రీల గాలి కూడా వేడి గాలే. దాని ఉష్ణోగ్రత నెమ్మదిగా పెరిగి చివరకు గ్యారేజీ ఉష్ణోగ్రతకు చేరుతుంది. గ్యారేజీ 8, 10 డిగ్రీల వద్ద ఉన్నా ఇబ్బందే. కంప్రెసరు అప్పుడప్పుడు మాత్రమే నడుస్తుంది, ఫ్రీజరు సగం చల్లగా ఉండిపోతుంది. సాధారణంగా మొదట మెత్తబడేది ఐస్‌క్రీము.

చలి సున్నా కంటే దిగినప్పుడు ఇంకొక సమస్య ఎదురవుతుంది. రిఫ్రిజిరేటరుకు వేడిని బయటకు తోడే శక్తే కాని, లోపల వేడి పుట్టించే శక్తి లేదు. కాబట్టి కింది అరలోని పాలు, గుడ్లు, పానీయాలు గడ్డకట్టవచ్చు. నీరు మంచుగా మారేటప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది కనుక నిండు సీసాలు పగులుతాయి. నీటి గొట్టం కలిపిన నమూనాలలో ఆ గొట్టం కూడా పగిలే ప్రమాదముంది.

అతి చలిలో కంప్రెసరులోని నూనె చిక్కబడి మోటారు కదలడం కష్టమవుతుంది. కండెన్సరులో పీడనం తగ్గిపోవడం వలన శీతల ద్రవం ఎవాపరేటరుకు చాలినంత అందదు.

ఆహార భద్రత

ఫ్రీజరు పూర్తిగా చెడిపోతే ఆ సంగతి వెంటనే తెలుస్తుంది. గ్యారేజీలోని చిక్కు వేరు. నాలుగు రోజుల చలిలో మాంసం కరిగి, ఆ తరువాత వాతావరణం వెచ్చబడగానే కంప్రెసరు మళ్ళీ నడిచి దానిని గడ్డకట్టిస్తుంది. తలుపు తెరిచి చూసిన వారికి అంతా సవ్యంగానే కనబడుతుంది.

అమెరికా వ్యవసాయ శాఖ సూచనల ప్రకారం రిఫ్రిజిరేటరు 4.4 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువలోను, ఫ్రీజరు -18 డిగ్రీలలోను ఉండాలి. 4.4 నుండి 60 డిగ్రీల మధ్య బాక్టీరియా త్వరగా వృద్ధి చెందుతుంది. అటువంటి వేడిలో రెండు గంటలకు మించి ఉన్న మాంసం, చేపలు, పాల పదార్థాలు పారవేయాలి. ఇంకా మంచు పలుకులు మిగిలి ఉన్నవాటిని తిరిగి గడ్డకట్టించవచ్చు గాని రుచి తగ్గుతుంది. గడ్డకట్టించడం వలన బాక్టీరియా నశించదు, నిద్రాణంగా ఉంటుందంతే.

తలుపు తెరవకపోతే, విద్యుత్తు లేకపోయినా నిండు ఫ్రీజరు సుమారు 48 గంటలు, సగం నిండినది సుమారు 24 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది. కనుక ఒక్క రాత్రి చలితో ఫ్రీజరుకు పెద్ద ముప్పు లేదు. రోజుల తరబడి సాగే చలితోనే ప్రమాదం. దీనిని కనిపెట్టడానికి సులువైన ఉపాయం ఒకటి ఉంది. గిన్నెలో నీరు గడ్డకట్టించి, పైన ఒక నాణెం పెట్టి ఫ్రీజరులో ఉంచాలి. నాణెం మంచులోకి దిగి ఉంటే మధ్యలో ఫ్రీజరు కరిగిందని అర్థం. రెండు అరలలోనూ థర్మామీటర్లు ఉంచడం ఇంకా మంచిది.

వాతావరణ తరగతులు

అంతర్జాతీయ ప్రమాణాలలో గృహ రిఫ్రిజిరేటర్లను పరిసర ఉష్ణోగ్రతను బట్టి నాలుగు తరగతులుగా విభజించారు. ఎస్‌ఎన్ తరగతి 10 నుండి 32 డిగ్రీల వరకు, ఎన్ 16 నుండి 32 వరకు, ఎస్‌టీ 16 నుండి 38 వరకు, టీ 16 నుండి 43 వరకు పనిచేయడానికి ఉద్దేశించినవి. వీటిలో ఏదీ సున్నా డిగ్రీల గదికి ఉద్దేశించినది కాదు.

నివారణ మార్గాలు

కొందరు తయారీదారులు గ్యారేజీ కిట్టు పేరుతో చిన్న విద్యుత్ హీటరును అమ్ముతారు. దానిని థర్మోస్టాటు దగ్గర అమరుస్తారు. చల్లబరిచే యంత్రంలో హీటరేమిటని అనిపించినా దాని తర్కం సరైనదే. థర్మోస్టాటు తన చుట్టూ వేడిగా ఉందని భ్రమపడి కంప్రెసరును నడుపుతుంది, ఫ్రీజరు చల్లబడుతుంది. గ్యారేజీలో వాడటానికే రూపొందించిన నమూనాలు కూడా ఉన్నాయి. యంత్రానికి దుప్పటి చుట్టడం మాత్రం తగదు, వేడి బయటకు పోయే దారి మూసుకుపోతుంది.

గడ్డకట్టిన పదార్థాలే నిలవ చేయదలచిన వారికి పైకి తెరుచుకునే పెట్టె ఫ్రీజరు మేలు. దాని థర్మోస్టాటు -18 డిగ్రీల అరనే కొలుస్తుంది. గ్యారేజీ అంతకంటే వెచ్చగా ఉన్నంత కాలం వేడి లోపలికి వస్తూనే ఉంటుంది, కంప్రెసరు నడుస్తూనే ఉంటుంది. అయినా తయారీదారు సూచించిన కనిష్ఠ ఉష్ణోగ్రతను చూసుకోవాలి.

శీతాకాలమంతా ఖాళీ చేసి ఆపివేయడం మరొక మార్గం. అప్పుడు లోపల తుడిచి, బూజు పట్టకుండా తలుపు కొద్దిగా తెరిచి ఉంచాలి.

పాత యంత్రాలు

వేసవిలో గ్యారేజీ బాగా వేడెక్కుతుంది కనుక కంప్రెసరు ఎక్కువ సేపు నడుస్తుంది. గ్యారేజీకి చేరేది తరచుగా పాత యంత్రమే కావడంతో ఖర్చు ఇంకా పెరుగుతుంది. అమెరికాలో 1987 నాటి చట్టాన్ని అనుసరించి విద్యుత్ వినియోగ పరిమితులు 1990లో అమలులోకి వచ్చి, 1993, 2001, 2014 సంవత్సరాలలో మరింత కఠినమయ్యాయి.

గొళ్ళెంతో మూసుకునే మరీ పాత రిఫ్రిజిరేటర్లు ప్రాణాంతకమైనవి. దాగుడుమూతలలో వాటిలోకి దూరిన పిల్లలు లోపలి నుండి తలుపు తెరవలేక ఊపిరాడక చనిపోయిన సంఘటనలు జరిగాయి. దీనితో 1956లో అమెరికా ప్రభుత్వం తలుపు లోపలి నుండి తెరుచుకునేలా ఉండాలని చట్టం చేసింది. నేటి అయస్కాంతపు తలుపులు ఈ నిబంధనకు సరిపోతాయి. గొళ్ళెం ఉన్నదానిని వాడకుండా ఉంచినా, పారవేసినా ముందుగా తలుపు ఊడదీయాలి.