మాటకు లయ, లయకు జన్యువు: మెదడు తరంగాలు ఏం చెబుతున్నాయి?

ఎదుటివారు మాట్లాడుతున్నప్పుడు చెవిని చేరేది ఎడతెగని ధ్వని ప్రవాహం. పదానికీ పదానికీ మధ్య స్పష్టమైన ఖాళీలు ఉండవు. అయినా మెదడు దాన్ని అక్షరాలుగా, పదాలుగా, వాక్యాలుగా విడగొట్టుకుంటుంది. ఈ పనిలో మెదడులోని విద్యుత్ లయలకు ముఖ్య పాత్ర ఉందని, ఆ లయల స్వభావం చాలావరకు వంశపారంపర్యమేనని పరిశోధనలు సూచిస్తున్నాయి.

ఏమిటీ లయలు?

నాడీకణాలు గుంపులుగా ఉత్తేజితమై, మళ్లీ శాంతిస్తుంటాయి. ఈ హెచ్చుతగ్గులే మెదడు తరంగాలు. జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో వీటిని మనిషిలో తొలిసారి నమోదు చేసి, 1929లో ఫలితాలు ప్రచురించారు. సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవి థీటా తరంగాలు. మామూలు సంభాషణలో సెకనుకు దొర్లే అక్షరాల సంఖ్య కూడా దాదాపు ఈ పరిధిలోనే ఉంటుంది.

2016లో వెలువడిన ఒక అధ్యయనంలో నాలుగేసి అక్షరాల మాండరిన్ వాక్యాలను సెకనుకు 4 అక్షరాల చొప్పున విరామం లేకుండా వినిపించారు. ఆ భాష తెలిసినవారి మెదడు అక్షరాల లయతో పాటు పదబంధాల లయను, వాక్యాల లయను సైతం అనుసరించింది. మాండరిన్ తెలియని ఆంగ్ల భాషీయుల్లో అక్షరాల లయ ఒక్కటే కనిపించింది. అంటే, వాక్యపు లయ శబ్దంలో లేదు. భాష తెలిసిన మెదడే దాన్ని నిర్మించుకుంటుంది.

జన్యువుల పాత్ర ఎంత?

నెదర్లాండ్స్‌లో కౌమార వయసు కవలలపై జరిగిన అధ్యయనం 1996లో ప్రచురితమైంది. థీటా, ఆల్ఫా తరంగాల తీవ్రతలో వ్యక్తుల మధ్య కనిపించే తేడాలకు 80 శాతానికి పైగా జన్యువులే కారణమని అది అంచనా వేసింది. నాడీకణాల ఉత్తేజాన్ని అదుపులో ఉంచే రసాయనం గాబా. దాన్ని అందుకునే గ్రాహకాల జన్యువులకు, బీటా తరంగాలకు సంబంధం ఉన్నట్లు 2002లో తేలింది.

మరోవైపు, లండన్‌లోని 'కేఈ' కుటుంబంలో మూడు తరాల్లో సుమారు సగం మందికి మాట స్పష్టంగా పలకడం కష్టమయ్యేది. ఇందుకు 7వ క్రోమోజోమ్‌పై ఉన్న ఫాక్స్‌పీ2 జన్యువులోని లోపమే కారణమని 2001లో గుర్తించారు. దీనికి 'భాషా జన్యువు' అన్న పేరు ప్రచారమైనా అది సరికాదు. ఎలుకల్లో, పక్షుల్లోనూ ఉండే ఈ జన్యువు ఇతర జన్యువుల పనిని నియంత్రిస్తుంది. జన్యువు నుంచి లయకు, లయ నుంచి మాటకు సాగే గొలుసు ఇప్పటికీ ప్రతిపాదన దశలోనే ఉంది.

పిల్లలకు ఏం మేలు?

నెమ్మదైన లయలను మెదడు సరిగా అనుసరించలేకపోవడం వల్లే కొందరు పిల్లలకు చదవడం కష్టమవుతుందని ఒక సిద్ధాంతం చెబుతోంది. డిస్లెక్సియాతో ముడిపడిన 42 జన్యు స్థానాలను 2022లో గుర్తించారు. ఒక్కోదాని ప్రభావం స్వల్పమే. అంటే ఏ ఒక్క జన్యువూ పిల్లవాడి చదువును నిర్ణయించదు. అలాగే ఆ ఇబ్బందికి సోమరితనమో, తల్లిదండ్రుల పెంపకమో కారణమనడమూ తగదు. మాట ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష చేయించాలి. ఆపై స్పీచ్ థెరపిస్టును సంప్రదించాలి. జన్యు పరిశోధన ఫలితాల కోసం ఇందుకు వేచి ఉండనక్కర్లేదు.